విజిల్ పడని ఫౌల్

ఇబ్రాహీం కాలి బొటనవేలితో పెడల్ ఎడమ అంచు నొక్కాడు. తెర మీద మనుషులు ఐదు సెకన్లు వెనక్కి నడిచారు. పచ్చిక మీద పడి దొర్లుతున్నవాడు లేచి నిలబడ్డాడు. వాడి చీలమండ మీద దిగిన బూటు గాల్లోకి లేచిపోయింది. బంతి వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఇబ్రాహీం వేలు తీశాడు. బంతి మళ్లీ వచ్చింది, బూటు మళ్లీ దిగింది, చీలమండ పక్కకు మెలితిరిగింది, మనిషి మళ్లీ పడ్డాడు. ఎముకల చప్పుడు పట్టుకునేంత దగ్గరగా మైకులు ఉండవు. అయినా ఇబ్రాహీంకు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

తన్నింది పసుపు చొక్కా నాలుగో నంబరు. పడింది నీలం చొక్కా పదిహేడు. తగిలింది ఎడమ చీలమండకి. దెబ్బ గట్టిది. రెఫరీ విజిల్ వేశాడు, కార్డు చూపించాడు. ఇవన్నీ ఒక్కొక్క మీటగా నొక్కి, గ్లాసులో చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగి, పెడల్ కుడి అంచు నొక్కాడు. పదిహేడు కుంటుతూ లేచాడు, ఆట ముందుకు కదిలింది.

అతని ఉద్యోగం ఇదే. సింగపూర్‌లో తంజోంగ్ పగార్ అనే చోట ఒక భవనం ఎనిమిదో అంతస్తు. ఎముకలు కొరికే ఏసీ చలిలో వరసగా కూర్చున్నవాళ్లు, లోకంలో జరిగే ఫుట్‌బాల్ ఆటలన్నిటినీ ముక్కలు ముక్కలుగా కోసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటారు. ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారు, ఎవరు పోగొట్టారు, ఎవరు ఎవర్ని ఎక్కడ తన్నారు. ఆ వివరాలు క్లబ్బులు కొంటాయి, పందేలు నడిపేవాళ్లు కొంటారు. ఒకళ్లకు జపాన్ లీగ్, ఒకళ్లకు టర్కీ. ఇబ్రాహీంకు స్వీడన్. అందులోనూ గోల్సు, పాసులు వేరేవాళ్లు చూసుకుంటారు. అతని వాటాకు వచ్చింది దెబ్బలు. గోల్ వేసినవాడి మొహం ఎదురుపడినా అతను గుర్తుపట్టలేడు. పిక్క మీద తన్నేవాడి నడక మాత్రం నిద్రలో లేపి చూపించినా చెప్పేస్తాడు.

జన్మలో మంచు ముట్టుకున్న మనిషి కాదు. కానీ ఏప్రిల్ ఆటల్లో మైదానం అంచున ఊడ్చిపోసిన మంచు కుప్పలుంటాయని, జూన్‌లో చీకటిపడాల్సిన వేళ కూడా గడ్డి మీద ఎండ పడుకుని ఉంటుందని, నవంబరు వచ్చేసరికి ఆటగాళ్ల నోళ్లలోంచి ఆవిర్లు వస్తాయని అతనికి బాగా తెలుసు. అల్స్వెన్స్కాన్ అంటారు ఆ లీగ్‌ని. నోరు తిరగక ఇబ్రాహీం స్వీడన్ అనే ఊరుకుంటాడు. పదహారు జట్లు. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో రెండుసార్లు ఆడాలి, ఒకసారి తన ఊళ్లో, ఒకసారి అవతలివాళ్ల ఊళ్లో. అంటే ఏప్రిల్‌లో కాలు విరగ్గొట్టినవాడికి నవంబరులో ఇంకో అవకాశం ఇస్తారన్నమాట.

ఈ సీజన్‌లో జరిగింది అదే. పసుపు నాలుగు పొడగరి, బంగారురంగు జుట్టువాడు. మొహం చూస్తే పెళ్లికి వచ్చి అందరికీ నీళ్లందించే మనిషిలా ఉంటాడు. తన్నిన ప్రతిసారీ పడ్డవాడికి వాడే చెయ్యి అందిస్తాడు, లేపుతాడు, వీపు మీద గడ్డి దులుపుతాడు. కామెంటరీవాళ్లకు వాడంటే మహా గౌరవం. నీలం పదిహేడు పొట్టివాడు, చురుకైనవాడు, ఈ ఏడే పై లీగ్‌కి వచ్చిన జట్టులో కొత్త కుర్రాడు. ఏప్రిల్‌లో నాలుగో నంబరు తన్నుకి వాడి కాలు విరిగింది. వేసవి అంతా లేడు. ఆగస్టు చివర్లో తిరిగొచ్చి మళ్లీ పరిగెత్తాడు. ఇప్పుడు ఆఖరి వారం, మళ్లీ అదే రెండు జట్లు. ఓడినవాళ్లు కింది లీగ్‌కి పోతారు. నిన్న ఆదివారం ఆట మొదలయ్యే ముందే స్టాండ్లలో ఎర్ర మంటలు వెలిగించి విసురుకున్నారు, కుర్చీలు పీకి పోలీసుల మీదికి రువ్వారు, ఒక గుర్రం జనంలో పడి మోకాళ్ల మీద కూలింది. అవన్నీ కెమెరా చూపించింది. నాలుగో నంబరు చాటుగా చేసేవి మాత్రం చాలావరకు కెమెరాకు చిక్కవు. బంతి అటు పోగానే వాడు ఇటు మడమ తొక్కుతాడు, పక్కటెముకల్లో గుద్దుతాడు, చెవి పక్కన మోచెయ్యి ఆనిస్తాడు.

వాడి ఆట ఇబ్రాహీంకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. ఎందుకంటే తనూ ఆ బాపతువాడే. కాజీపేట రైల్వే జట్టులో లెఫ్ట్ బ్యాక్. కంకర తేలిన మైదానం, పడితే చర్మం లేచిపోయేది. రెఫరీ మెడ ఏ క్షణంలో తిరుగుతుందో కనిపెట్టి ఆ క్షణంలోనే తన్నాలని అక్కడి కోచ్ నేర్పాడు. ఇబ్రాహీం శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఆ రోజుల గుర్తులు ఒంటి మీద ఇంకా ఉన్నాయి. కనుబొమను రెండుగా చీల్చిన మచ్చ, చెయ్యి వేస్తే గతుకుల రోడ్డులా తగిలే మోకాలి కింది ఎముక, కొంచెం వంకరపోయిన కాళ్లు, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియని భుజాలు. భార్య నిగార్‌కి నర్సు ఉద్యోగం వచ్చి సింగపూర్‌కి వస్తే వెనకాలే వచ్చాడు. కొన్నాళ్లు ఇక్కడే, ఈ కిటికీలోంచి కనిపించే పాత రేవులో, ఓడల మీద కంటైనర్లను ఇనపకడ్డీలతో కట్టే పని చేశాడు. నడుం పోయాక ఈ కుర్చీ దొరికింది. ఆమధ్య గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచి నిగార్ పొద్దున్నే రక్తం పలచబరిచే మాత్ర చేతిలో పెడుతుంది. గడ్డం గీసుకుంటే చిన్న గాటు కూడా గంటసేపు కారుతుంది. ఇవాళ కూడా చుబుకానికి టిష్యూ ముక్క అంటించుకునే వచ్చాడు.

ఆఫీసులో చెప్పులు విడిచి వట్టి కాళ్లతో పని చేస్తాడు. పెడల్ నున్నగా ఉండి వేలు జారుతోందని, తన పాత బూటు అడుగు నుంచి రబ్బరు ముక్క కోసి దాని ఎడమ అంచున అంటించాడు. ముందుకు పోవడం కంటే వెనక్కి పోవడమే ఎక్కువ కదా అతని పనిలో.

ఇవాళ తెర మీద చూస్తున్నది స్వీడన్, కళ్లలో కదులుతున్నది నిన్న హౌగాంగ్‌లో తమ ఇల్లు.

నిన్న మధ్యాహ్నం కూతురు తబస్సుమ్, అల్లుడు ఇర్ఫాన్ భోజనానికి వచ్చారు. నిగార్ బగారా అన్నం, దాల్చా చేసింది. ఇర్ఫాన్ క్లెమెంటిలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తాడు. సన్నటి ఫ్రేము కళ్లద్దాలు, మెత్తటి మాట, ఒంటి నుంచి అత్తరు వాసన. వచ్చినప్పుడల్లా మామకు పండ్లు తెస్తాడు, తిన్నాక అత్తను కూర్చోబెట్టి పళ్లేలు తనే తీస్తాడు. తబస్సుమ్ అంత ఉక్కలోనూ మణికట్టు దాకా చేతులున్న కుర్తా వేసుకుని వచ్చింది. సింకు దగ్గర గిన్నె కడుగుతూ తడుస్తుందని చెయ్యి పైకి లాక్కుంది. మోచేతికి పైన, లోపలి వైపు, నాలుగు ఊదా మచ్చలు వరసగా. వాటికి ఎదురుగా ఇంకొకటి, పెద్దది.

ఇబ్రాహీం చూడటం ఆమె చూసింది. సింగపూర్ ఇంగ్లీషు కలిపిన తెలుగులో అంది.

"బాత్‌రూంల జారిన పప్పా. ఫ్లోర్ వెట్ ఉండె. నథింగ్ లా."

జారిపడే మనిషి చేతులు ముందుకు చాస్తాడు. అరచెయ్యి గీసుకుంటుంది, మోకాలు పగులుతుంది, మోచెయ్యి కొట్టుకుంటుంది. చంక కింది మెత్తటి చోటును నేల ఎలా ముట్టుకుంటుంది? పడ్డవాడెవడో, పడేయబడ్డవాడెవడో, ఊరికే పడిపోయి నాటకమాడేవాడెవడో చూసి చెప్పినందుకే అతనికి జీతమిస్తారు. అంత తెలిసిన మనిషి కూతురితో ఏమన్నాడు? "జాగ్రత్త బిడ్డా" అన్నాడు. హాల్లోకి వెళ్లి అల్లుడి పక్కన కూర్చుని అతను కోసిన పండు తిన్నాడు. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

వాళ్లు వెళ్లాక నిగార్ గిన్నెలు తుడుస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"అది జారలే" అన్నాడు.

"తెలుసు."

"తెలిసీ ఊకున్నవా?"

నిగార్ గిన్నె బోర్లించింది. తువ్వాలు మడిచి కడ్డీ మీద వేసింది. ఆస్పత్రిలో రోజూ చితికిన ఒళ్లను చూసే మనిషి, గొంతు పెంచడం ఎప్పుడో మానేసింది.

"కాజీపేట క్వార్టర్ల నువ్వు మ్యాచ్ ఓడిపోయి ఒచ్చి నన్ను గోడకేసి కొట్టినవు. యాదికుందా? తెల్లారి మా అబ్బా వచ్చిండు. నా మొకం చూసిండు. 'జారిపడ్డవా బిడ్డా' అన్నడు. ఔనన్న. చాయ్ తాగి పోయిండు." తువ్వాలు అంచు సరిచేసింది. "ఇయ్యాల మనం గూడ గంతే జేసినం. చాయ్ ఇచ్చి పంపినం."

ఆ తర్వాత ఏనాడూ చెయ్యెత్తలేదని చెప్పబోయాడు. అది గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదని అర్థమై నోరు మూసుకున్నాడు.

తెర మీద రెండో సగం మొదలైంది. బంతి పసుపు జట్టు గోల్ దగ్గర్నుంచి ఎగిరి అవతలి కొసకు పోయింది. కెమెరా దాని వెంట పోతోంది, రెఫరీ దాని వెంట పరిగెత్తుతున్నాడు. తెర కింది మూల, ఇంకో క్షణంలో కనుమరుగయ్యే చోట, పదిహేడు మెల్లగా పరిగెత్తుతున్నాడు. వాడి పక్కనే నాలుగు. నాలుగో నంబరు ఒకసారి రెఫరీ వీపు చూసుకున్నాడు. మోచెయ్యి లేచింది. పదిహేడు కణత మీద దిగింది.

ఇబ్రాహీం పెడల్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. పదిహేడు తల పక్కకు విరిగినట్టు వాలడం, మోకాళ్ల మీద కూలడం, ఒక అరచెయ్యి నేలకు ఆనించి అలాగే ఉండిపోవడం. నాలుగో నంబరు వంగి వాడి భుజం తట్టడం. కాసేపటికి పదిహేడు లేచి, బెంచీ వైపు ఏం కాలేదన్నట్టు చెయ్యి ఊపడం. విజిల్ లేదు. ఇబ్రాహీంకు ఒళ్లు మండిపోయింది. ఫౌల్ అని కొట్టాడు. తల. దెబ్బ తీవ్రం. ఉద్దేశపూర్వకం. ఉన్న మీటలన్నీ నొక్కాడు.

కాసేపటికి టీమ్ లీడర్ కీర్తిక అతని కుర్చీ వెనక నిలబడింది. విజయవాడ పిల్ల. కోపం వచ్చినా గౌరవం తగ్గించదు.

"అంకుల్, మళ్లీ మీ ఎంట్రీ తప్పని ఎర్రగా వచ్చింది. విజిల్ ఏదండీ?"

"విజిల్ లేదమ్మా. కొట్టిండు."

"విజిల్ పడితేనే ఫౌల్, లేకపోతే తాకిడి అని రాయాలని మీకు తెలీదా ఏంటి? ఈ సీజన్లో ఈ నాలుగో నంబరు మీద మీరు విజిల్ లేకుండా పెట్టినవన్నీ వెనక్కొచ్చినియ్యి. మనం రెఫరీలం కాదంకుల్."

"ఒక్కసారి చూడు."

పెడల్ నొక్కాడు. కీర్తిక చూసింది. మోచెయ్యి దిగినప్పుడు ఆమె మొహం పక్కకు తిరిగింది.

"కొట్టాడు" అంది చివరికి. "కానీ తనంతట తనే లేచాడుగా. లేస్తే గాయం లేనట్టే కదా మన లెక్కలో."

"పరువుకు లేస్తడు బిడ్డా. లేవకుంటే అందరు చూస్తరు గద."

కీర్తిక సాయంత్రంలోగా మార్చి ఇమ్మని, ఈ సీజన్‌కి ఇదే ఆఖరి ఆటని చెప్పి వెళ్లింది. ఇబ్రాహీం చెయ్యి తాకిడి అనే మీట మీదికి వెళ్లింది. నొక్కితే అయిపోతుంది. ఇన్నేళ్లూ అలా ఎన్ని నొక్కలేదు? చెయ్యి వెనక్కి తీసుకుని ఫోన్ అందుకున్నాడు.

తబస్సుమ్ చాలాసేపటికి ఎత్తింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"పప్పా, ఐ కాల్ యూ లేటర్, కెన్?"

"బిడ్డా, ఇంట్లనే ఉన్నవా?"

"ఎవరు?" అని వెనకనుంచి ఇర్ఫాన్ గొంతు. మెత్తగానే ఉంది. తర్వాత ఏదో కింద పడింది. ఫోన్ కట్ అయింది.

ఇబ్రాహీం తెరను ఆ మూల, ఆ మోచేతి దగ్గరే ఆపాడు. చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. కీర్తిక తలెత్తేసరికి లిఫ్ట్ తలుపు మూసుకుంటోంది.

రైల్లో క్లెమెంటి దాకా నిలబడే వెళ్లాడు. సీట్లు ఉన్నాయి, కూర్చోబుద్ధి కాలేదు. స్టేషన్ బయట వాన దంచుతోంది. గొడుగు లేదు. కూతురు వాళ్లుండే అపార్ట్‌మెంట్ బ్లాక్‌కి చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుంది. వరండాలో ఎవరో బట్టలు లోపలికి లాక్కుంటున్నారు. ఇర్ఫాన్ వాళ్ల కిటికీ రెక్కల సందుల్లోంచి ఒక చప్పుడు వినబడింది. గోడకు మనిషి ఒళ్లు తగిలిన చప్పుడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. కాజీపేటలో ఒకసారి తన చేతులతోనే చేశాడు.

ఇనపగేటు పట్టుకుని ఊపాడు. లోపల నిశ్శబ్దమైంది. తలుపు తీసినవాడు ఇర్ఫాన్, నవ్వుతూనే.

"అస్సలామ్ అలైకుం మామూ. ఫోన్ చెయ్యకుండ ఒచ్చిన్రు. తడిసిన్రు గద. రండి, చాయ్ పెట్టిస్త."

అలవాటుగా చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. తబస్సుమ్ వంటగది గుమ్మంలో ఉంది. కింది పెదవి చిట్లింది. దాని మీద టిష్యూ అదిమి పట్టుకుంది. టిష్యూ ఎర్రగా నానిపోయింది.

"కప్‌బోర్డ్ డోర్ పప్పా. నేనే చూసుకోలే."

"బిడ్డా" అన్నాడు ఇబ్రాహీం, "పడేటోళ్లు ఎట్ల పడ్తరో చూసుడే నా పని. చెప్పులేసుకో. పోదాం."

ఆమె కదలబోయింది. ఇర్ఫాన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, మోచేతికి పైన. గొంతు మారలేదు.

"మియా బీవీ మధ్యల మాటలు మామూ. పెద్దోళ్లు మీరు. కూసోండి."

ఇబ్రాహీం ఆ చెయ్యి వైపు చూశాడు. ఇటు నాలుగు వేళ్లు, అటు బొటనవేలు. నిన్నటి మచ్చల మీద సరిగ్గా కూర్చుంది. తర్వాత ఏం చేస్తున్నాడో అతనికి తెలియలేదు. వట్టి కాలు, ఎన్నో ఏళ్లుగా పెడల్ తప్ప ఏమీ తన్నని కాలు, ఇర్ఫాన్ మోకాలి కింద ఎముక మీద దిగింది. ఇర్ఫాన్ కేక పెట్టి వంగిపోయాడు. కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. తబస్సుమ్ తలుపు వైపు పరిగెత్తింది. ఇర్ఫాన్ కుంటుతూనే వెళ్లి ఆమె జుట్టు వెనకనుంచి పట్టి లాగాడు. ఆమె మెడ వెనక్కి వంగింది. ఇబ్రాహీం ఆ చేతి మీద పిడికిలితో బాదాడు, ఒకసారి కాదు, జుట్టు వదిలేదాకా. వదిలాక ఆమెను వరండాలోకి పంపి, ఇద్దరికీ మధ్యకు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇర్ఫాన్ మొహంలో నవ్వు అప్పుడు పోయింది. రెండు చేతులూ అతని రొమ్ము మీద పెట్టి, ఉన్న బలమంతా పెట్టి తోశాడు.

ఇబ్రాహీం కాలు జారలేదు. మనిషి మనిషంతా వెనక్కి వెళ్లాడు. తల వెనక భాగం గేటు ఇనపకమ్మీకి కొట్టుకుంది. గేటు గణగణమంటూ వరండా పొడుగునా మోగింది. ఎదురింటి తలుపు కొద్దిగా తెరుచుకుని మూసుకుంది.

ఇర్ఫాన్ వెంటనే వంగి చెయ్యి అందించాడు.

"అయ్యో మామూ, చూసుకోవాలె గద. నేల తడిగుంది. జారిన్రు."

ఆ చెయ్యి వంక ఇబ్రాహీం కాసేపు చూశాడు. పట్టుకోలేదు. అరచెయ్యి నేలకు ఆనించి, మోకాలు మడిచి, తనే లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు.

"నడువు బిడ్డా" అన్నాడు.

ఇర్ఫాన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. వరండాలో మనుషులున్నారు.

రైల్లో ఒక పిల్ల లేచి వాళ్లకు చోటిచ్చింది. తబస్సుమ్ తండ్రి తల వెనక చెయ్యి పెట్టి చూసింది. వేళ్లకు కొంచెమే తడి అంటింది, అదీ వాననీళ్లతో కలిసిన ఎరుపు.

"డాక్టర్ దగ్గరికి పోదాం పప్పా. ప్లీజ్ లా."

"నేనే లేచిన గద. ఏం కాలె."

కాజీపేట మైదానంలో అదే చట్టం. ఎవడి చెయ్యీ పట్టుకోకుండా లేచి దుమ్ము దులుపుకున్నవాడికి ఏమీ కానట్టే, ఆట సాగాల్సిందే. పొద్దున కీర్తికతో వాదించినవాడు ఇప్పుడు ఆ మాటే చెప్పి కూతురి నోరు మూయించాడు. రక్తం పలచబరిచే మాత్ర సంగతి ఆమెకు గుర్తు రాలేదు, అతనికీ రాలేదు. నిగార్ డ్యూటీలో ఉంది. ఆమెకు ఫోన్ చెయ్యనివ్వలేదు, ఇంటికొచ్చాక చెప్దామన్నాడు.

"నిన్న జాగ్రత్త అన్న నిన్ను" అన్నాడు కొంచెంసేపటికి. "ఆ మాట అనొద్దుండె నేను. తప్పు."

తబస్సుమ్ అతని భుజానికి తల ఆనించింది. ఆమె ఏడవడం రైల్లో ఎవరూ పట్టించుకోలేదు.

రైలు మారేచోట ఎస్కలేటర్ మీద అతను తూలాడు, కడుపులో తిప్పుతోందన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే అనుకుంది. రెండో రైల్లో కూర్చున్నాక, కూతురి మనసు మళ్లించాలని కాబోలు, పదిహేడో నంబరు కథ చెప్పాడు. ఏప్రిల్‌లో కాలు విరిగిన సంగతి, ఆగస్టులో మళ్లీ వచ్చిన సంగతి. మాటలు మెల్లగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తున్నాయి.

"తర్వాత? హూ వన్?"

"ఇంక చూడలే బిడ్డా. సగంల ఆపి ఒచ్చిన." కళ్లు మూసుకున్నాడు. "నిద్రొస్తుంది. హౌగాంగ్ వస్తే లేపు."

హౌగాంగ్ వచ్చింది. ఆమె లేపింది. ఒళ్లో పెట్టుకున్న అతని చెయ్యి జారి సీటు మీద పడింది, వేళ్లు తెరుచుకుని. తలుపులు మూసుకునే ముందు గంట మోగింది. ఆమె చెయ్యి వదల్లేదు, దిగలేదు.

ఆస్పత్రిలో మగ్రిబ్ నమాజు వేళకు చెప్పారు, తల లోపల నెత్తురు కారి మనిషి పోయాడని. నిగార్ తన డ్యూటీ నుంచి యూనిఫాంతోనే పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ఆమెకు అల్లుడి ఫోన్ వచ్చింది. మామూ మా గడప దగ్గర జారిపడ్డారు అత్తమ్మా, నేనే లేపబోయాను, వినకుండా వెళ్లిపోయారు అని. అతని గొంతులో ఏడుపు కూడా ఉంది. నిగార్ మంచం పక్కన నిలబడి భర్త తల కొద్దిగా తిప్పి, నర్సు చూసినట్టు చూసింది. చుబుకం మీద పొద్దుటి టిష్యూ ముక్క ఇంకా అంటుకునే ఉంది. దాన్ని గోటితో మెల్లగా తీసింది.

పడక తెర అవతల నుంచి ఒక కుర్ర పోలీసు వచ్చాడు. మొహమాటపడుతూ అడిగాడు.

"ఆంటీ, సారీ ఆ. అంకుల్ ఫెల్ డౌన్, ఈజ్ ఇట్?"

నిగార్ కూతురి వైపు తిరిగింది. చిట్లిన పెదవి చూసింది. నోరు తెరిస్తే వచ్చిన మాట విని ఆమే ఉలిక్కిపడింది.

"జారిపడ్డడా బిడ్డా?"

తబస్సుమ్ నేలవైపు చూస్తూ నిలబడింది. ఔనంటే అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. రేపు క్లెమెంటి నుంచి ఇర్ఫాన్ వస్తాడు, జనాజాకు భుజం పడతాడు, వచ్చినవాళ్లకు నీళ్లందిస్తాడు. ఔననడం ఆమెకు అలవాటే. ఎన్నిసార్లు అనలేదు? కుర్తా చెయ్యి పట్టుకుంది. మోచేతి దాకా, ఆపైకి, భుజం దాకా లాక్కుంది. పాత మచ్చల మీద కొత్త మచ్చలు లేచి ఉన్నాయి.

"జారలే అమ్మీ. తోసిండు."

తర్వాత పోలీసు వైపు తిరిగి, స్కూల్లో నేర్చుకున్న శుభ్రమైన ఇంగ్లీషులో, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది. హి డిడ్ నాట్ ఫాల్. మై హస్బెండ్ పుష్డ్ హిమ్. దిస్ ఆల్సో, మై హస్బెండ్. పోలీసు రాసుకున్నాడు. నిగార్ మంచం కడ్డీ గట్టిగా పట్టుకుంది. తర్వాత వచ్చి కూతురి పక్కన నిలబడింది, ఆ చేతిని ఎవరూ మళ్లీ కప్పకుండా.

మర్నాడు కబురు తెలిశాక, ఆఫీసులో ఇబ్రాహీం కుర్చీలో కీర్తిక కూర్చుంది. మిగిలిన ఆట ఎవరో ఒకళ్లు పూర్తి చెయ్యాలి. తెర అతను ఆపిన చోటే ఉంది, కింది మూలలో గాల్లో ఆగిన మోచెయ్యి. ఆటను ముందుకు నడిపించింది. పదిహేడు చివరిదాకా ఆడాడు. అయినా నీలం జట్టు ఓడి కింది లీగ్‌కి పోయింది. ఆఖరి విజిల్ పడగానే వాడి దగ్గరికి మొదట వెళ్లి కావలించుకున్నది నాలుగో నంబరే. కీర్తిక ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి వెళ్లి, ఎర్రగా మెరుస్తున్న ఇబ్రాహీం ఎంట్రీ తెరిచింది. విజిల్ లేదు, అయినా ఫౌల్‌గా ఉంచాలా అని కంప్యూటర్ అడిగింది. ఉంచు అని నొక్కింది. దానికి తనే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

లేవబోతుంటే బల్ల కింద ఆమె పాదానికి ఏదో గరుకుగా తగిలింది. వంగి చూసింది. పెడల్ ఎడమ అంచున, పాత బూటు అడుగు నుంచి కోసి అంటించిన నల్ల రబ్బరు ముక్క, నడిమధ్యన ఒక బొటనవేలు పట్టేంత మేర అరిగి గుంటపడి ఉంది.